ఆరు ఆదివారాల ఆత్మరక్షణ: ఏం నేర్పాలి, ఏం వదిలేయాలి

ఒడిశా దక్షిణాన ఆంధ్ర సరిహద్దు వైపున్న పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం ప్రాంతాల్లో బడిపిల్లలకు ఆత్మరక్షణ నేర్పే ఏర్పాటు ఎంతోకొంత ఉంది. సమగ్ర శిక్షా అనే బడుల పథకం కింద రాణీ లక్ష్మీబాయి పేరుతో ఆరో తరగతి నుంచి పన్నెండు వరకు ఆడపిల్లలకు మూడు నెలల శిక్షణ ఇస్తారు. బడి దాటిపోయినవాళ్ళ సంగతే వెలితి. బట్టల కొట్లో రాత్రి తొమ్మిదింటి దాకా నిలబడి షేర్ ఆటోలో ఇంటికెళ్ళే అమ్మాయి, మిషన్ శక్తి మహిళా సంఘం డబ్బు బ్యాంకులో కట్టడానికి వెళ్ళే అక్క, ఇంటింటికీ తిరిగే ఆశా కార్యకర్త, పింఛను తీసుకుని ఒంటరిగా నడిచే తాత: వీళ్ళకు ఏం నేర్పాలి, ఎలా నేర్పాలి అన్నది ఈ పోస్టు. పీఈటీలు, కరాటే మాస్టార్లు, సంఘాల్లో చొరవగా ఉండేవాళ్ళు చదివి వాడుకుంటారని రాస్తున్నాను.

ముందు నా మాట గట్టిగా చెప్పేస్తాను. మామూలు మనిషికి ఇరవై పట్లు అక్కర్లేదు. గొంతు, దూరం, మూడు దెబ్బలు, పట్టు విడిపించుకునే నాలుగు విడుపులు, కిందపడితే లేవడం, పరుగు. ఇంతే నేర్పి, ఎదుటివాడు నిజంగా బలం పెడుతుండగా వందసార్లు చేయించాలి. ఒక్కపూట శిబిరంలో ఇరవై పట్లు చూసి వెళ్ళిన మనిషికి అవసరం వచ్చిన క్షణంలో ఒక్కటీ గుర్తుకు రాదు. భయంతో గుండె దడదడలాడేటప్పుడు వేళ్ళు వణుకుతాయి, చూపు ఎదుటివాడి మీదే బిగుసుకుపోతుంది, చుట్టుపక్కల ఏముందో కనబడదు. అలాంటప్పుడు చిటికెన వేలు పట్టుకుని మెలిపెట్టే సున్నితమైన పనులు సాగవు. ఒంటి బరువంతా పెట్టి చేసే మోటు పనులు సాగుతాయి.

రెండు గంటల చొప్పున ఆరు ఆదివారాలు చాలు, మొత్తం 12 గంటలు. ఈ లెక్కకు ఆధారం ఉంది. కెనడాలో విశ్వవిద్యాలయ విద్యార్థినులతో చార్లీన్ సెన్ బృందం చేసిన పరిశీలన 2015లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చింది. 12 గంటల శిక్షణ తీసుకున్నవాళ్ళలో ఏడాది తిరిగేసరికి అత్యాచారానికి గురైనవాళ్ళు 5.2 శాతం, కరపత్రాలు మాత్రమే అందుకున్నవాళ్ళలో 9.8 శాతం. ఆ 12 గంటల్లో దెబ్బలు కొట్టడం ఒక భాగం మాత్రమే. ప్రమాదాన్ని ముందే గుర్తుపట్టడం, తెలిసిన మనిషి హద్దు దాటుతుంటే మొహమాటం వదిలి ఎదిరించడం మీద అంతకంటే ఎక్కువ సేపు పనిచేశారు. మన దగ్గరా అదే అవసరం. అత్యాచారం కేసుల్లో నిందితుడు బాధితురాలికి తెలిసినవాడే అయినవి ఏటా 90 శాతం పైనే అని జాతీయ నేర రికార్డుల బ్యూరో లెక్కలు చెబుతున్నాయి. చీకటి సందులో ముసుగు మనిషిని మాత్రమే ఊహించుకుని నేర్పితే అసలు ప్రమాదానికి ఏమీ నేర్పనట్టే.

అందుకే మొదటి ఆదివారం ఎవరూ ఎవరినీ ముట్టుకోరు. ఆ రెండు గంటలూ గొంతుకూ దూరానికీ.

ఇద్దరిద్దరిని ఎదురెదురుగా పదిహేను అడుగుల దూరంలో నిలబెట్టండి. ఒకరు మామూలు నడకతో ఎదుటివాళ్ళ వైపు వస్తారు. రెండోవాళ్ళు తమకు ఇబ్బంది అనిపించిన చోట రెండు చేతులూ ఎత్తి ఆపాలి. చేతులు రొమ్ము ఎత్తులో, అరచేతులు బయటికి, మోచేతులు పక్కటెముకలకు దగ్గరగా. ఒక కాలు వెనక, మోకాళ్ళు కాస్త వంగి. చూసేవాళ్ళకు ఇది గొడవ వద్దని బతిమాలుతున్నట్టే కనిపిస్తుంది, కానీ అవసరమైతే దెబ్బ ఇక్కడినుంచే బయలుదేరుతుంది. ఎదుటివాడికీ మనకీ మధ్య కనీసం రెండు చేతుల దూరం ఉండాలి. ఒక చేతి దూరంలోకి వచ్చాక అతను చెయ్యి విసిరితే చూసి తప్పుకునేంత సమయం ఎవరికీ ఉండదు.

ఈ అభ్యాసంలో తప్పులు దాదాపు అందరిలోనూ ఒకేలా ఉంటాయి. నవ్వుతారు. "ఆగు" అంటూనే తల దించుకుంటారు. చేతులు పైకెత్తి, మాట అయిపోగానే కిందికి జారవిడుస్తారు. తిన్నగా వెనక్కి వెళ్ళి గోడకు తగులుకుంటారు. వీటిలో ఒక్కోసారి ఒక్కదాన్నే సరిచేయండి. ముందు చేతులు, తర్వాత చూపు, ఆ తర్వాత అడుగు. వెనక్కి కాకుండా ఏటవాలుగా పక్కకు జరగడం నేర్పాలి, అప్పుడే తలుపో రోడ్డో మన వెనక ఉండేలా తిరగొచ్చు. నవ్వు మాత్రం మందలిస్తే పోదు. ఎదుటివాడు ఒక్క అడుగు కూడా తగ్గకుండా అలాగే వస్తూ ఉంటే మూడోసారికి దానంతటదే ఆగిపోతుంది.

ఏం అనాలి అన్నది ఇంకా ముఖ్యం. "ఎందుకండీ ఇలా చేస్తున్నారు?" అనేది ప్రశ్న. ప్రశ్న అడిగితే అతను జవాబు చెబుతాడు, జవాబు చెబుతూ ఇంకో అడుగు వేస్తాడు. "వెనక్కి వెళ్ళు", "చెయ్యి తియ్యి", "నేను రాను": ఇలా రెండు మూడు మాటల్లో తేలిపోవాలి. ఇక్కడో చిక్కు వస్తుంది. వరసకు బావో బాబాయో అయిన మనిషిని, ఇంటి ఓనరుని, కొట్టు యజమానిని "నువ్వు" అనడానికి మన ఆడవాళ్ళకు నోరు రాదు. బలవంతంగా అనిపించొద్దు. "బాబాయ్, చెయ్యి తియ్యండి" అన్నా పనిచేస్తుంది, గొంతు కిందికి దిగి వాక్యం చివర తెగితే చాలు. సాగదీసి పైకి లేపితే బతిమాలినట్టు ఉంటుంది. మొదటిసారి మర్యాదగా, రెండోసారి "అండి" తీసేసి, మూడోసారి ఇంట్లో అందరికీ వినబడేలా. ఈ మూడు మెట్లూ వరసగా చేయించండి. నా ఉద్దేశంలో మొత్తం తరగతిలో అందరికంటే ఎక్కువమందికి పనికొచ్చేది ఈ అరగంటే.

అరుపు కడుపులోంచి రావాలి. భయపడ్డ మనిషి ఊపిరి బిగబడతాడు, ఊపిరి బిగిస్తే ఒళ్ళు కొయ్యబారుతుంది. అరిస్తే ఊపిరి బయటికి పోతుంది, ఒళ్ళు కదులుతుంది. కాబట్టి ఈ తరగతిలో ప్రతి దెబ్బకూ ఒక అరుపు ఉండాల్సిందే. సరిహద్దు ఊళ్ళలో ఏ భాషలో అరవాలన్నదీ నేర్పాలి. పర్లాకిమిడి బజార్లో తెలుగు అందరికీ తెలుసు. కొరాపుట్ బస్టాండులో తెలియకపోవచ్చు. "మోతే ఛాడ", "బంచాఅ" అనే రెండు ఒడియా మాటలు గొంతుకు అలవాటు చేయించండి. చుట్టూ ఉన్నవాళ్ళు మొగుడూపెళ్ళాల తగువనుకుని పక్కకు తప్పుకోవడం ఎక్కడైనా జరిగేదే, అందుకని "ఇతనెవరో నాకు తెలీదు" అనేది తప్పకుండా అరవాలి. ఒడియాలో "మూఁ ఏ లోకకు చిన్హినాహిఁ". గుంపు మొత్తాన్ని ఉద్దేశించి సాయం అడిగితే ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. ఒక్క మనిషిని వేలుపెట్టి చూపించి, "నీలం చొక్కా అన్నా, 112కి ఫోన్ చెయ్యి" అంటే ఆ మనిషి కదులుతాడు.

రెండో ఆదివారం దెబ్బలు. మూడే మూడు.

పిడికిలి వద్దు. అలవాటు లేని మనిషి పిడికిలితో మొహం మీద కొడితే చిటికెన వేలి వెనకాల ఉన్న చేతి ఎముక విరగడం మామూలే, ఆ తర్వాత ఆ చెయ్యి ఫోన్ పట్టడానికి కూడా పనికిరాదు. వేళ్ళు వెనక్కి విరిచి, అరచేతిలో మణికట్టును ఆనుకుని ఉన్న గట్టి భాగంతో ముక్కుకో గడ్డానికో కొట్టాలి. బలం భుజంలోంచి కాదు, వెనక కాలి మడమ నేలను నెట్టడంతో మొదలవ్వాలి. మడమ లేస్తుంది, నడుం తిరుగుతుంది, చివరికి చెయ్యి సాగుతుంది. జోడీగా ఉన్నవాళ్ళు పట్టుకున్న మెత్తటి ప్యాడ్ దగ్గరే ఆగిపోకుండా జానెడు లోపలికి దూసుకుపోవాలి. కొట్టిన చెయ్యి కిందికి వాలిపోకుండా తిరిగి మొహం ముందుకు రావాలి. ఒక్కో చేత్తో పదేసి, మూడు విడతలు. చాలామంది మొదట్లో తట్టినట్టు కొడతారు, కళ్ళు మూసుకుంటారు. ప్యాడ్ మీద సుద్దముక్కతో రూపాయి బిళ్ళంత గుర్తు పెట్టి దాన్నే కొట్టమంటే కళ్ళు తెరుస్తారు.

మనిషి మరీ దగ్గరికి వచ్చేస్తే మోచేయి. అది పక్కనుంచి అడ్డంగా తిరగాలి, అరచెయ్యి రొమ్ముకు అంటుకుని ఉండాలి. అతన్ని పట్టుకోగలిగితే మోకాలు: రెండు చేతులతో చొక్కానో భుజాన్నో లాగి, మోకాలిని ముందుకూ పైకీ పొడవాలి. మగవాడి గజ్జల్లో తంతే అక్కడికక్కడే కూలబడతాడన్న నమ్మకం మాత్రం పోగొట్టండి. తొడలు దగ్గరకు వచ్చేస్తాయి, దెబ్బ తొడకు తగులుతుంది, తగిలినా కోపంలో ఉన్నవాడికి నొప్పి తెలిసేసరికి కొన్ని క్షణాలు పడుతుంది. ఒక్క దెబ్బ కొట్టి ఏమవుతుందా అని చూస్తూ నిలబడటమే ఇక్కడ జరిగే పెద్ద తప్పు. మూడు నాలుగు వరసగా పడాలి, వెంటనే కాళ్ళు పరుగు అందుకోవాలి.

ప్యాడ్లకు డబ్బు లేకపోతే గోనెసంచిని రెండడుగుల పొడవు, అడుగున్నర వెడల్పుకి మడిచి, పాత చీరలు దట్టంగా కూరి, అయిదారు అంగుళాల మందం వచ్చేలా కుట్టండి. వెనక రెండు గుడ్డ పట్టీలు, ఒకటి మోచేతికి, ఒకటి పిడికిలికి. పట్టుకునేవాళ్ళు దాన్ని మొహానికి ఎదురుగా పట్టుకోకూడదు, జారితే పళ్ళు రాలతాయి. భుజానికీ పైచేతికీ ఆనించి, ఒక కాలు వెనక వేసి, దెబ్బ పడే క్షణంలో కాస్త ఎదురు నెట్టాలి. మెత్తగా వెనక్కి పోనిస్తే కొట్టేవాళ్ళ మోచేయి బెణుకుతుంది.

మూడు, నాలుగు ఆదివారాలు విడుపులకు. మణికట్టు పట్టు ఒక్కటి వివరంగా చెబుతాను, మిగతావన్నీ దాని దారిలోనే నడుస్తాయి.

ఎదుటివాడు మణికట్టు పట్టుకున్నప్పుడు అతని బొటనవేలూ మిగతా నాలుగు వేళ్ళూ కలిసే చోట సందు ఉంటుంది. పట్టు బలహీనమంతా అక్కడే. మీ చేతి పలచటి అంచు, అంటే బొటనవేలి వైపు ఎముక, ఆ సందుకు ఎదురుగా వచ్చేలా మణికట్టు తిప్పండి. అతని వైపు అర అడుగు వెయ్యండి. మోచేయి మడిచి, మీ మోచేతిని అతని మోచేతి వైపు తోస్తూ, చేతిని మీ చెవి దగ్గరికి తెచ్చుకోండి. నడుం కూడా దాంతోపాటు తిరగాలి. రెండు చేతులతో ఒక మణికట్టు పట్టుకుంటే, ఖాళీ చేతిని అతని రెండు చేతుల మధ్య నుంచి పోనిచ్చి మీ పిడికిలిని మీరే పట్టుకుని, దగ్గరగా జరిగి, ఒంటి బరువుతో పైకి మీ భుజం మీదికి లాగాలి.

అందరూ చేసే తప్పు ఒకటే: చెయ్యి చాచి, వెనక్కి వాలి, భుజబలంతో లాగడం. అప్పుడు అతని నాలుగు వేళ్ళ బలానికి ఎదురెళ్తున్నట్టు, గెలవలేరు. రెండో తప్పు, విడిపించుకున్నాక అక్కడే నిలబడిపోవడం. మూడోది నేర్పేవాళ్ళది: కరుకు చేతుల మనిషి గట్టిగా పట్టుకుంటే ఈ మెలిక ఒక్కటే చాలదని చెప్పకపోవడం. ముందు దెబ్బ, తర్వాత విడుపు. ఖాళీగా ఉన్న అరచేత్తో మొహం మీద కొడితేనో, మోకాలి కింద ఎముక మీద చెప్పు అంచుతో తంతేనో పట్టు ఒక్క క్షణం సడలుతుంది. మెలిక పనిచేసేది ఆ క్షణంలోనే.

సాధన మూడు మెట్లలో పెట్టండి. మొదటి పదిసార్లు పట్టుకునేవాళ్ళు ఊరికే పట్టుకుంటారు. తర్వాతి పదిసార్లు సగం బలంతో పట్టుకుని అటూఇటూ కదులుతారు. మూడో మెట్టులో నేల మీద మూడు మీటర్ల దూరంలో సుద్దగీత గీసి, పూర్తి బలంతో పట్టుకుని ఆ గీత దాకా లాక్కెళ్ళాలి. గీత దాటేలోపు విడిపించుకోవాలి. బయట జరిగేదీ ఇదే, ఎవరూ పట్టుకుని బొమ్మలా నిలబడరు. మన ఆడవాళ్ళు తోటివాళ్ళ మీద జాలితో పట్టు వదిలేస్తుంటారు. అలా వదిలేస్తే ఆ మనిషి తనకు వచ్చేసిందన్న తప్పుడు ధైర్యంతో ఇంటికెళ్తుందని వాళ్ళకు నచ్చజెప్పాలి. మూడో మెట్టులో చాలామంది ఓడిపోతారు. ఓడిపోనివ్వండి, దెబ్బ కలిపి మళ్ళీ చేయించండి. గాజులు, ఉంగరాలు ముందే తీయించాలి, గోళ్ళు కత్తిరించుకుని రమ్మనాలి.

జడ పట్టుకుంటే దూరంగా లాక్కోవడం సహజం, అదే తప్పు. రెండు చేతులతో అతని చేతిని మన తలకే అదిమిపెట్టి, మోచేతులు మొహం ముందుకు తెచ్చి, అతని వైపే అడుగేసి మోకాలికి తన్నాలి. జుట్టు ఊడే నొప్పి సగం తగ్గేది అదిమిపెట్టడం వల్లే. వెనకనుంచి వాటేసుకుంటే కాళ్ళు ఎడంగా పెట్టి కుర్చీలో కూర్చున్నట్టు కిందికి దిగాలి, ఎత్తుకుపోవడం కష్టమవుతుంది. తర్వాత పాదం మీద మడమ, వెనక్కి మోచేయి.

గొంతు పట్టు విషయంలో గట్టిగా ఒక నియమం పెట్టుకోండి. సాధనలో గొంతు మీద ఎవరి వేళ్ళూ పడకూడదు, చేతులు కాలర్ ఎముకల మీదే ఉండాలి. మెడకు రెండు పక్కలా రక్తనాళాలు నొక్కుకుంటే పది సెకన్ల లోపే స్పృహ తప్పొచ్చు. అందుకే ఇక్కడ ఆలోచించే సమయం ఉండదు: గడ్డం రొమ్ముకు దించడం, ఒక చేత్తో అతని బొటనవేలిని గుంజడం, రెండో అరచేత్తో మొహం మీద కొట్టడం, మూడూ ఒకేసారి. ఇంట్లో గానీ బయట గానీ ఎవరికైనా నిజంగా గొంతు నులిమితే, మచ్చ కనబడకపోయినా, లేచి మామూలుగా మాట్లాడుతున్నా ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. లోపలి వాపూ, మెదడుకు పోయే రక్తనాళానికి తగిలిన దెబ్బా గంటల తర్వాత, ఒక్కోసారి రోజుల తర్వాత బయటపడతాయి.

అయిదో ఆదివారం అందరూ రోజూ కట్టే బట్టల్లో, రోజూ వేసుకునే చెప్పులతో, రోజూ మోసే సంచితో రావాలి. ట్రాక్ ప్యాంటులో వచ్చిన పట్టు చీరలో వస్తుందో లేదో ఆరోజే తెలుస్తుంది. చీరలో మోకాలు పైకి లేవదు. ఒక చేత్తో కుచ్చెళ్ళు మోకాలి దాకా ఎగదోసి అప్పుడు తన్నడం విడిగా పదిసార్లు చేయించండి. చున్నీ మెడకు చుట్టి రెండు కొసలూ వెనక్కి వేసుకుంటే అదే ఉరితాడు. ఒక భుజం మీద వేసుకుని వదులుగా పిన్ను పెట్టుకుంటే లాగినప్పుడు ఊడి వస్తుంది. హవాయి చెప్పులతో పరుగెత్తలేరు, విదిల్చి పారేసి యాభై మీటర్లు పరుగెత్తడం సాధన చేయాలి. ఆ పరుగు ఎటు అన్నది కూడా నేర్పాల్సిందే. చీకట్లోకి, ఖాళీ రోడ్డు మీదికి కాదు. తెరిచి ఉన్న మందుల షాపో, టీ కొట్టో, రైల్వే స్టేషన్‌లో అయితే ఆర్‌పీఎఫ్ పోలీసులో ఉన్నవైపు.

షేర్ ఆటో కోసం మూడు ప్లాస్టిక్ కుర్చీలు దగ్గరగా వేసి మధ్యలో కూర్చోబెట్టండి, ఒడిలో సంచి. పర్లాకిమిడికీ, సరిహద్దుకు అవతల ఆంధ్రలో ఉన్న పాతపట్నానికీ మధ్య తిరిగే ఎవరికైనా ఈ ఇరుకు తెలుసు. కూర్చున్నప్పుడు నడుం తిరగదు కాబట్టి అరచేతి దెబ్బకు బలం రాదు. సంచిని పక్క మనిషికీ మనకీ మధ్య నిలువుగా దించడం, తాకుతున్న చేతి మణికట్టు పట్టి పైకెత్తి "ఈ చెయ్యి నా మీద పడింది" అని డ్రైవరుకు వినబడేలా అనడం, ఆపైనే మోచేయి. ఎక్కేటప్పుడే అంచున కూర్చోవడం వీటన్నిటికంటే మేలు. కదిలే ఆటోలోంచి దూకమని మాత్రం ఎవరికీ చెప్పొద్దు, తలకు తగిలే దెబ్బ ప్రాణం మీదికి తెస్తుంది. వేగం తగ్గేదాకా అరుస్తూ, ఫోన్‌లో ఉన్నచోటు చెబుతూ ఉండాలి.

బరంపురం ఠాకురాణి యాత్రకో, రాయగడలో మజ్జిగౌరమ్మ చైత్ర ఉత్సవానికో వెళ్ళేవాళ్ళకు జనం తొక్కిడి గురించి పది నిమిషాలు కేటాయించండి. అక్కడ శత్రువు మనిషి కాదు, ఒత్తిడి. రొమ్ము నొక్కుకుపోయి ఊపిరాడక చనిపోతారు. పిడికిళ్ళు గడ్డం కింద, మోచేతులు ముందుకు పెట్టుకుంటే రొమ్ముకు ఊపిరి తీసుకునేంత చోటు మిగులుతుంది. జనం తోసినప్పుడు ఎదురు తొయ్యకుండా వాళ్ళతో కదులుతూ, సందు దొరికినప్పుడల్లా ఏటవాలుగా అంచుకు జరగాలి. జారిన చెప్పు కోసం వంగకూడదు.

కిందపడటం కూడా ఆరోజే. 40 మిల్లీమీటర్ల మందం ఉన్న మ్యాట్లు కావాలి. 20వి నిలబడి చేసే సాధనకు సరిపోతాయి, పడటానికి చాలవు. గుణుపురంలో వంశధార ఇసుకో, రాయగడలో నాగావళి ఇసుకో ఇంకా నయం, కాకపోతే ముందు గాజుపెంకుల కోసం అంగుళం అంగుళం చేత్తో వెతకాలి. వెల్లకిలా పడితే గడ్డం రొమ్ముకు ఆనించి తల నేలకు కొట్టుకోకుండా చూసుకోవాలి. పాదాలు అతని వైపు ఉంచి, అతను ఎటు తిరిగితే అటు పిరుదుల మీద తిరుగుతూ, మడమతో మోకాలి మీద, దాని కింది ఎముక మీద తన్నాలి. లేచేటప్పుడు బోర్లా తిరగకూడదు. ఒక చెయ్యి వెనక నేలకు ఆనించి, దానికి ఎదురువైపు పాదం నేల మీద బిగించి, నడుం పైకెత్తి, రెండో కాలిని ఒంటి కిందినుంచి వెనక్కి లాక్కుని లేవాలి. ముందున్న చెయ్యి మొహానికి కాపలాగా ఉంటుంది. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళతో ఇది చేయించొద్దు. చేతికర్ర వాడే పెద్దవాళ్ళకు కర్ర విసరడం బదులు రెండు చేతులతో పట్టుకుని కొసతో పొడవడం నేర్పండి. విసిరిన కర్రను లాక్కోవడం తేలిక, పొడిచే కర్రను పట్టుకోవడం కష్టం.

కత్తి లాక్కోవడం నేర్పకండి. ఈ విషయంలో నాకు రెండో అభిప్రాయం లేదు. సాల్ట్ లేక్ సిటీ పోలీసు శిక్షకుడు డెనిస్ ట్యూలర్ 1983లో లెక్కగట్టి చూపించింది ఏమిటంటే, కత్తి పట్టుకున్న మనిషి 21 అడుగుల దూరాన్ని సుమారు ఒకటిన్నర సెకనులో దాటేస్తాడని. తుపాకీ ఉన్న పోలీసుకే అది చాలని సమయం. పర్సు, గొలుసు అడిగితే ఒక పక్కకు విసిరేసి రెండో పక్కకు పరుగెత్తాలి. దారి లేకపోతే మధ్యలో కుర్చీ, సైకిల్, సంచి, ఏదో ఒకటి అడ్డం పెట్టాలి. పెప్పర్ స్ప్రే రెండు మూడు మీటర్ల దాకానే పనిచేస్తుంది, ఎదురుగాలిలో మన కళ్ళలోనే పడుతుంది, ఆటో లోపల వాడితే అందరికీ మండుతుంది. సంచి అడుగున పడేసి గడువు తేదీ చూడనివాళ్ళకు అది లేనట్టే లెక్క. కొన్నాక పెరట్లో గాలివాటున ఒకసారి కొట్టి చూసుకోమనండి.

తరగతి నడిపే పద్ధతి గురించి కొంచెం. ఇరవై మందికి మించి తీసుకోవద్దు, పదిమందికి ఒక శిక్షకుడు ఉండాలి, ఇద్దరిలో ఒకరు ఆడమనిషి అయితీరాలి. ఎవరినైనా ముట్టుకునే ముందు "పట్టుకోనా?" అని అడగాలి, ఎంత చనువున్నా సరే. "ఆపు" అన్నా, రెండుసార్లు తట్టినా వెంటనే వదిలేయాలి. ఇరవై మందిలో ఎవరో ఒకరికి ఇవన్నీ నిజంగా జరిగి ఉండొచ్చు. కళ్ళనీళ్ళు పెట్టుకుంటే అందరి ముందూ ఎందుకని అడగొద్దు, చూస్తూ కూర్చోవడానికీ బయటికి వెళ్ళడానికీ అనుమతి మొదటిరోజే అందరికీ ఇచ్చేయండి. ఎండాకాలంలో పొద్దున ఆరు నుంచి ఎనిమిది లోపే ముగించాలి. పన్నెండేళ్ళ లోపు పిల్లలకు దెబ్బలు, విడుపులు వద్దు: అరవడం, అక్కణ్ణుంచి వెళ్ళిపోవడం, నమ్మే పెద్దవాళ్ళలో ముగ్గురికి చెప్పడం, పిల్లల సహాయానికి ఉన్న 1098 నంబరు. ముగ్గురు ఎందుకంటే మొదటివాళ్ళు నమ్మకపోవచ్చు.

ఆరో ఆదివారం చట్టానికి ఒక గంట, పరీక్షకు ఒక గంట.

2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 దాకా ఉన్న సెక్షన్లు ఆత్మరక్షణ హక్కువి. మన ఒంటినే కాదు, పక్కవాళ్ళ ఒంటినీ కాపాడవచ్చు. 37వ సెక్షన్ హద్దు గీస్తుంది: కాపాడుకోవడానికి అవసరమైనంతకు మించి హాని చేయకూడదు. అతను పారిపోతుంటే వెంటపడి కొడితే అది ఆత్మరక్షణ కాదు. అందుకే దెబ్బ తర్వాత పరుగు అన్నది సాధనలోనే కలిపేయాలి. ప్రాణభయం, తీవ్రగాయం, అత్యాచారం, అపహరణ, యాసిడ్ దాడి లాంటి భయాలున్నప్పుడు హక్కు ఎంతదాకా వెళ్తుందో 38వ సెక్షన్‌లో ఉంది, ఒడియా, తెలుగు రెండింటిలోనూ చదివి వినిపించండి. యాసిడ్ పడితే ఇరవై నిమిషాలకు తగ్గకుండా మంచినీళ్ళు ధారగా పోస్తూ ఉండాలి, తడిసిన బట్ట తీసేయాలి, నూనె, పసుపు ఏవీ రాయకూడదు.

సరిహద్దు వాళ్ళకు మరీ ముఖ్యమైనది జీరో ఎఫ్‌ఐఆర్. కేసులు నడిపే పద్ధతి చెప్పే చట్టం, భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, 173వ సెక్షన్ ప్రకారం నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు తీసుకోవాలి. పాతపట్నం దగ్గర జరిగిందానికి పర్లాకిమిడిలో ఇవ్వొచ్చు, ఇక్కడ జరిగిందానికి అక్కడా ఇవ్వొచ్చు. "మా రాష్ట్రం కాదు" అనే మాట దగ్గర ఆగిపోవద్దు. 112కి చేసినప్పుడు మొదటి వాక్యంలోనే రాష్ట్రం, ఊరు, కనబడే గుర్తు చెప్పడం అలవాటు చేయించండి. ఆడవాళ్ళకు 181, రైల్లో అయితే 139. అత్యాచారం, యాసిడ్ దాడి బాధితులకు ప్రభుత్వ ఆసుపత్రైనా ప్రైవేటుదైనా వెంటనే ఉచితంగా చికిత్స చేయాలని అదే సంహితలో 397వ సెక్షన్ చెబుతుంది. పరీక్షకు ముందు స్నానం చేయకుండా ఉండగలిగితే మంచిది, బట్టలు ప్లాస్టిక్ కవరులో కాకుండా కాగితపు సంచిలో పెట్టాలి. ప్లాస్టిక్‌లో చెమ్మ పట్టి ఆధారాలు పాడవుతాయి.

చివరి గంట పరీక్ష. హెల్మెట్, ప్యాడ్లు కట్టుకున్న సహాయకుడు ఎదురుగా వస్తాడు. పట్టుకుంటాడో, మాటలతో సరిపెడతాడో, వెనకనుంచి వాటేసుకుంటాడో ముందు చెప్పరు. అంతకుముందు 30 గుంజీలు తీయించండి, ఆయాసంలో చేస్తేనే అసలు రంగు తెలుస్తుంది. ఒక్కొక్కరికి అరనిమిషం మించి వద్దు. గమనించాల్సినవి మూడే: మొదటి రెండు సెకన్లలో గొంతు లేచిందా, దెబ్బలు ఒకటితో ఆగకుండా వరసగా పడ్డాయా, విడిపడ్డాక తలుపు వైపు పరుగెత్తారా. మాటలతోనే ఆగిపోయిన మనిషిని కొట్టినవాళ్ళు కూడా ఇందులో తప్పినట్టే, అది వాళ్ళకు అక్కడికక్కడే చెప్పాలి. ఎవరిది ఎక్కడ తగ్గిందో పేరు పక్కన రాసిపెట్టుకుని, నెలకో గంట ప్యాడ్ సాధన పెట్టండి. మూడు నెలలు వదిలేస్తే ముందుగా తగ్గేది చేతి బలం కాదు, గొంతు. మళ్ళీ పిలిచిన రోజు ప్యాడ్లు తీసేముందు పదిహేను అడుగుల నడకా, "వెనక్కి వెళ్ళు" అనే మాటా చేయించండి.